ఇంటి రికార్డులను మళ్ళీ విని మార్కులు వేయడం: ఏ పద్ధతిని ఎంచుకోవాలి

మా ఇంట్లో రెండు వందల పైచిలుకు లాంగ్ ప్లే (ఎల్పీ) రికార్డులు ఉన్నాయి. వాటిలో కొన్ని పెద్దవాళ్ళు కొన్నవి, కొన్ని నేను కొన్నవి, మరికొన్ని ఎవరు తెచ్చారో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేనివి. వాటన్నిటినీ మళ్ళీ విని, ఒక్కొక్క ఆల్బమ్‌కు మార్కులు వేసి, ఏవి ఉంచుకోవాలో, వేటికి మెరుగైన ప్రతి వెతకాలో, వేటిని ఇచ్చేయాలో తేల్చే పని నాకు రెండేళ్ళు పట్టింది. మొదటి ఐదు నెలల్లో వేసిన మార్కులన్నిటినీ కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టవలసి కూడా వచ్చింది. సంగీతానికీ, ఆ సంగీతాన్ని మోస్తున్న ప్లేటుకూ కలిపి ఒకే అంకె వేస్తూ రావడమే అందుకు కారణం. ఈ పనికి పూనుకునేవారి ముందు చాలా దారులు ఉంటాయి. వాటిలో నేను నడిచి చూసిన వాటిని పోల్చి, ఎవరికి ఏది తగునో నాకు తోచినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

ఏ వరుసలో వినాలి

అరలో ఉన్న వరుసలో ఒక చివరి నుంచి మొదలుపెట్టడం అందరికీ మొదట తోచే పద్ధతి. ఏ రికార్డూ తప్పిపోదన్నది దీనిలోని మేలు. అయితే చాలా ఇళ్ళలో ఒకే గాయకుడివి, ఒకే కోవకు చెందినవి పక్కపక్కనే సర్ది ఉంటాయి కాబట్టి, వరుసగా ఆరు ఆల్బమ్‌లు ఒకే గొంతులో వినేసరికి ఆరోదానికి వచ్చే మార్కు దానిది కాకుండా పోతుంది. అది మొదటి ఐదింటి అలసటను మోస్తుంది. ఒకే కళాకారుడి ఆల్బమ్‌లను వెలువడిన సంవత్సరాల క్రమంలో వినడం రెండో పద్ధతి. ఒక మనిషి సంగీతం ఎలా ఎదిగిందో తెలుసుకోవాలనుకునేవారికి ఇంతకు మించినది లేదు. కానీ అక్కడ ప్రతి ఆల్బమ్‌నూ దాని ముందుదానితోనే తూచడం అలవాటవుతుంది, ఇంట్లోని మిగతా రికార్డులతో పోలిక తెగిపోతుంది. చీటీలు తీసి, వచ్చినదాన్ని వినడం మూడోది.

యాభైకి లోపు రికార్డులు ఉన్నవారికి ఏ వరుసైనా ఒకటే. అంతకు మించి ఉంటే చీటీల పద్ధతే మంచిదని నా అభిప్రాయం. ఒక్క సవరణ మాత్రం అవసరం. గట్టిగా మోగే వాద్యబృందం తరువాత వెంటనే ఒక్క వీణో ఒక్క గిటారో ఉన్న రికార్డు వస్తే, దాన్ని మరునాటికి వాయిదా వేయాలి. పెద్ద మోతకు అలవాటుపడిన చెవికి చిన్న ధ్వని పేలవంగా తోస్తుంది, ఆ పేలవత్వం మార్కులోకి ఎక్కేస్తుంది. రోజుకు ఒక ఆల్బమ్ చాలు, రెండుకు మించి వినకూడదు. నేను వారానికి నాలుగు చొప్పున విన్నాను. ప్రతి ఆల్బమ్‌నూ కొన్ని వారాల ఎడంతో రెండుసార్లు వినవలసి ఉంటుంది కనుక, రెండు వందల రికార్డులకు రెండేళ్ళు పట్టడంలో ఆశ్చర్యం లేదు.

సంగీతానికి ఒక మార్కు, ప్లేటుకు ఒక మార్కు

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన ఎంపిక ఇదే. ఒకే అంకెతో సరిపెట్టుకుంటే లెక్క తేలికవుతుంది, పుస్తకంలో ఒక గడి మిగులుతుంది, చూడగానే అర్థమవుతుంది. కానీ ఆ అంకెలో ఏముందో ఆరు నెలల తరువాత రాసినవారికే తెలియదు. పదికి ఐదు అని ఉంటే పాటలు సాధారణంగా ఉన్నాయా, లేక గొప్ప పాటలే గీతలు పడిన ప్లేటులో చిక్కుకున్నాయా అన్నది దాన్ని చూసి చెప్పలేము. మొదటి సందర్భంలో ఆ రికార్డును ఇచ్చేయాలి. రెండో సందర్భంలో మంచి ప్రతి కోసం వెతకాలి. ఒకే అంకె రెండు విరుద్ధమైన పనులు చేయమని చెబుతున్నప్పుడు దానివల్ల ఉపయోగం లేదు.

నాకు ఈ సంగతి తెలిసివచ్చిన సందర్భాన్ని కాస్త వివరంగా చెప్పాలి. ఒక ఆల్బమ్ రెండో వైపు చివరి పాటలో గాయని "స", "శ", "ష" పలికినప్పుడల్లా ఆ అక్షరాల మీద ఇసుక రాలినట్టు ఒక చప్పుడు వచ్చేది. చరణంలో గొంతు పైకి వెళ్ళిన చోట మాట పూర్తిగా చెదిరిపోయేది. గాయనికి పై స్థాయి అందలేదేమోనని, రికార్డింగు సరిగ్గా చేయలేదేమోనని అనుకుని ఆ వైపుకు నాలుగు మార్కులు వేశాను. కొన్నాళ్ళకు ముల్లు మార్చవలసి వచ్చి, గుండ్రటి మొన ఉన్న దాని స్థానంలో దీర్ఘవృత్తాకారపు మొన ఉన్నదాన్ని అమర్చాను. ముల్లును పట్టి ఉంచే కార్ట్రిడ్జ్‌ను కొలబద్ద కాగితం మీద సరిచూశాను. 1.2 గ్రాములకు పడిపోయి ఉన్న, ముల్లు ప్లేటు మీద మోపే బరువును తయారీదారు సూచించిన ప్రకారం 1.8 గ్రాములకు తెచ్చాను. అదే ప్లేటు, అదే పాట మళ్ళీ విన్నప్పుడు గాయని పై స్థాయిలో ఏ తొట్రుపాటూ లేకుండా నిలబడి పాడుతోంది. నాలుగు ఎనిమిది అయింది. నేను అన్నాళ్ళూ తప్పుపట్టింది నా ముల్లునే.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే మార్కులు వేయడం చాలావరకు మెరుగవుతుంది. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 1.8 సెకన్లు. బయటి అంచున ఉన్న చుట్టు పెద్దది, లేబుల్ పక్కన ఉన్నది చిన్నది, కానీ రెండూ అదే 1.8 సెకన్లలో పూర్తికావాలి. కనుక ముల్లు కింద, పాట చెక్కి ఉన్న గాడి కదిలే వేగం బయటి అంచు దగ్గర సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు ఉంటే, లోపలికి వచ్చేసరికి సుమారు 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. సెకనుకు 10,000 కంపనాలున్న ధ్వనికి బయట ఒక్కొక్క అలకు 51 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చోటు దొరుకుతుంది, లోపల 21 మైక్రాన్లే దొరుకుతుంది. గుండ్రటి మొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు. అంత లావు మొన 21 మైక్రాన్ల అలలోకి దిగి దాని వంపులను అనుసరించడం కష్టం. దీర్ఘవృత్తాకారపు మొన గాడి గోడను తాకే చోట సుమారు 8 మైక్రాన్ల వ్యాసార్ధమే ఉంటుంది కాబట్టి అది ఆ ఇరుకులోకి ఒదుగుతుంది. "స"కారంలో ఉండేది ఈ పై కంపనాలే. అందుకే మొదట చెడేది ఆ అక్షరమే.

దీనివల్ల ప్రతి వైపూ చివరి పాటకు పుట్టుకతోనే కొంత నష్టం ఉంటుంది. ఆల్బమ్ కూర్పరులు ఈ సంగతి తెలిసే చాలాసార్లు హోరెత్తే పాటను వైపు మొదట్లోనూ, నెమ్మదైన పాటను చివర్లోనూ పెడతారు. పాశ్చాత్య వాద్యబృందాల దీర్ఘ రచన అయిన సింఫనీకి ఆ వెసులుబాటు లేదు. దానిలో పతాకస్థాయి చివరే వస్తుంది, లోపలి గాడిలోనే పడుతుంది. కనుక ఏ ఆల్బమ్ విన్నా చివరి పాట బాగాలేదని తోచినప్పుడు దానికి తక్కువ మార్కు వేసేముందు మరో ముల్లుతోనో, మరో ప్రతిలోనో, అదీ లేకపోతే డిజిటల్ రూపంలోనో ఆ ఒక్క పాట విని చూడాలి. అలా సరిచూసినప్పుడు మా ఇంట్లో పదకొండు ఆల్బమ్‌ల మార్కులు మారాయి. అన్నీ పైకే మారాయి.

ప్లేటు పరిస్థితికి మార్కు వేయడానికి ఇప్పటికే చలామణిలో ఉన్న శ్రేణులు ఉన్నాయి. అమెరికాలోని గోల్డ్‌మైన్ పత్రిక పేరుతో ప్రచారంలో ఉన్న వరుసలో మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్ అనే మెట్లు ఉంటాయి. కొత్తగా వచ్చేవారు ఇక్కడ మాటలను చూసి మోసపోతారు. ఈ వరుసలో "గుడ్" అంటే పాట చివరిదాకా ఆగకుండా సాగుతుంది గానీ గరగర అంతటా వినిపిస్తుందని అర్థం. కొనడానికి, అమ్మడానికి ఈ శ్రేణులు అవసరమే. కానీ ఇవి ప్రధానంగా కంటితో చూసి వేసేవి. ఇంట్లో మన పనికి చెవితో వేసే మార్కు ఎక్కువ ఉపయోగపడుతుంది. దీపం కింద భయంకరంగా కనిపించే వెంట్రుకవాసి గీతలు చాలాసార్లు వినిపించనే వినిపించవు. నిగనిగలాడే ప్లేటు ఒకప్పుడు అరిగిన ముల్లుతో మోగి మోగి లోపల గోడలు కొరుక్కుపోయి ఉండవచ్చు. నేను మూడు మెట్లతో సరిపెట్టుకున్నాను: నిశ్శబ్దం, ఓర్చుకోదగిన చప్పుడు, సంగీతాన్ని కమ్మేసే చప్పుడు. చప్పుడు ఎక్కడ వస్తుందో పక్కనే రాసిపెట్టుకున్నాను.

అడ్డంగా పడిన గీత గురించి ఒక మాట. అది ప్రతి చుట్టులోనూ ఒకసారి తగులుతుంది కాబట్టి "టక్" అనే శబ్దం 1.8 సెకన్లకు ఒకసారి గడియారంలా వస్తుంది. మా ఇంట్లో ఒక రికార్డు రెండో వైపు మూడో పాటలో అటువంటి గీత ఉంది. పల్లవి రెండోసారి ఎత్తుకునే చోట ఎనిమిదిసార్లు కొట్టి ఆగిపోతుంది. చిన్నప్పటినుంచీ వింటున్నందువల్ల, గీత లేని ప్రతి విన్నా ఆ ఎనిమిది దెబ్బలూ నా చెవిలో వాటంతటవే పడుతూనే ఉంటాయి. ఆ పాటకు నేను నిష్పక్షపాతంగా మార్కు వేయలేను, వేశానని అనుకోను కూడా. పుస్తకంలో దాని ఎదురుగా "ఇంటి రికార్డు" అని మాత్రం రాశాను. ప్రతి ఇంట్లోనూ అటువంటివి కొన్ని ఉంటాయి. వాటిని లెక్కలోకి లాగకుండా విడిగా ఉంచడమే న్యాయం.

ఆల్బమ్ మొత్తానికా, వైపుకా, పాటకా

పాటపాటకూ మార్కు వేసి సగటు తీసే పద్ధతి నిజాయితీగా కనిపిస్తుంది. కానీ నిమిషంన్నర ఉన్న ఒక బలహీనమైన పాటకు, పదకొండు నిమిషాల ఒక అద్భుతమైన పాటకు సమానమైన ఓటు ఇవ్వడం వల్ల ఆ సగటు వక్రమవుతుంది. నిడివినిబట్టి తూకం వేస్తే లెక్క సరి అవుతుంది గానీ, వినడం మానేసి లెక్క చేయడమే పని అవుతుంది. పాటల సంకలనాలకు మాత్రం ఈ పద్ధతి తగును, ఎందుకంటే వాటిలో పాటకూ పాటకూ సంబంధం ఉండదు.

ఆల్బమ్ మొత్తానికి ఒకే మార్కు వేస్తే, మొదటి వైపు మాత్రమే బాగున్న రికార్డులు, అటువంటివి చాలానే ఉంటాయి, మధ్యరకంలో కలిసిపోతాయి. అందువల్ల ఎల్పీకి సహజమైన కొలత వైపేనని నేను నమ్ముతున్నాను. సుమారు 20 నుంచి 22 నిమిషాలు సాగి, ముల్లు ఎత్తి ప్లేటు తిప్పవలసిన చోట ఆగే ఆ భాగాన్ని దృష్టిలో పెట్టుకునే ఎల్పీ కాలపు ఆల్బమ్‌లు కూర్చబడ్డాయి. అరలోంచి రికార్డు తీసినప్పుడు మనం నిజంగా తేల్చుకునేది కూడా ఏ వైపు పెట్టాలనే. ఈ పద్ధతిలో మార్కులు వేశాక, ఎన్నడూ తిప్పి చూడని రెండో వైపులు మా ఇంట్లో ఎన్ని ఉన్నాయో బయటపడింది. వాటిలో మూడు ఇప్పుడు నేను తరచుగా వినేవి.

రెండు ప్లేట్ల ఆల్బమ్‌లతో ఒక జాగ్రత్త అవసరం. ఒకటి తరువాత ఒకటి తనంతట తాను పడేసుకునే పాతకాలపు యంత్రాల కోసం కొన్నిటిలో మొదటి వైపు వెనక నాలుగో వైపును, రెండో వైపు వెనక మూడో వైపును ముద్రించేవారు. లేబుల్ చూడకుండా తిప్పి పెడితే కథ మొదటి నుంచి ఒక్కసారిగా చివరికి దూకుతుంది. ఆల్బమ్‌కు కూర్పే లేదన్న తప్పు అభిప్రాయంతో మార్కు తగ్గిపోతుంది.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు కూడా ఉన్న ఇళ్ళలో వాటిని ఈ లెక్కలో కలపకూడదు. పది అంగుళాల దానిలో ఒక వైపు సుమారు మూడు నిమిషాలే ఉంటుంది, గాడి వెడల్పు కూడా వేరు, దానికి సుమారు మూడున్నర రెట్లు నుంచి నాలుగు రెట్లు లావైన మొన కావాలి. అటువంటి రికార్డులు కొన్నింటిని పుస్తకంలా కుట్టిన అట్టలో పెట్టి అమ్మినప్పుడే వాటికి ఆల్బమ్ అన్న పేరు వచ్చింది, ఆ పేరే 1948లో వచ్చిన ఎల్పీకి సంక్రమించింది. పేరు ఒకటే అయినా తూకం ఒకటి కాదు.

ఏ కొలబద్ద

వందకు మార్కులు వేయడం వృథా. 83కూ 84కూ మధ్య తేడా ఏమిటో ఎవరూ చెప్పలేరు, అదే రికార్డును మరో నెలలో వింటే ఐదారు మార్కులు అటూ ఇటూ అవుతుంది. ఐదు నక్షత్రాల పద్ధతి తేలిక, కానీ చేతిలో ఉన్నవన్నీ ఎవరో ఇష్టపడి కొన్నవే కాబట్టి సగానికి పైగా నాలుగు నక్షత్రాల దగ్గర పేరుకుపోతాయి. పదికి మార్కులు వేయడం వీటి మధ్య నడుస్తుంది. నేను మొదట ఎంచుకున్నది అదే, వైపులకు ఇప్పటికీ అదే వాడుతున్నాను.

అయితే ఏవి ఉంచుకోవాలో తేల్చడానికి అంకెల కన్నా కుప్పలు మేలు. వినగానే మళ్ళీ వినాలనిపించినది ఒక కుప్ప, ఎప్పుడైనా వినవచ్చు అనిపించినది రెండో కుప్ప, వినడం పూర్తిచేయడానికి ఓపిక పట్టవలసినది మూడో కుప్ప. ఆ తరువాత మొదటి కుప్పకు మాత్రమే జోడీల పద్ధతి వాడాలి: రెండు ఆల్బమ్‌లు పక్కపక్కన పెట్టి, వీటిలో ఒక్కటే మిగలాలంటే ఏది అని అడగడం. ఇరవై ఆల్బమ్‌లను ప్రతిదానితోనూ పోల్చాలంటే 190 జోడీలు అవుతాయి, అది ఎవరివల్లా కాదు. దానికి బదులు ఇప్పటికే వరుసలో ఉన్నవాటి మధ్యదానితో కొత్తదాన్ని పోల్చి, గెలిస్తే పై సగంలో మధ్యదానితో, ఓడితే కింది సగంలో మధ్యదానితో పోలుస్తూ పోతే, ఇరవై ఉన్న వరుసలో ఐదు పోలికల్లోపే దాని స్థానం దొరుకుతుంది. ఈ ప్రశ్నకు వచ్చే జవాబుల్లో నన్ను నేను చాలాసార్లు కొత్తగా చూసుకున్నాను. తొమ్మిది మార్కులు వేసిన ఒక ఆల్బమ్ ఏడు వేసిన దానిముందు నిలవలేదు. తొమ్మిది వేసింది గౌరవంతో, ఏడు వేసింది మొహమాటంతో అని అప్పుడు తెలిసింది.

వినే పరిస్థితులు

ధ్వని స్థాయి ప్రతిసారీ ఒకేలా ఉండాలి. మిగతా నియమాలను సడలించినా ఫరవాలేదు గానీ దీన్ని సడలించకూడదు. ధ్వని తగ్గినకొద్దీ మన చెవికి మంద్రస్వరాలు మిగతావాటి కన్నా ఎక్కువగా తగ్గినట్టు వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. రాత్రి మెల్లగా విన్న ఆల్బమ్ బలహీనంగా, పగలు గట్టిగా విన్నది పుష్టిగా తోచడం అందువల్లనే. ఆంప్లిఫైయర్ మీట ఒకే గీత దగ్గర ఉంచితే సరిపోదు. ఒక వైపులో 25 నిమిషాలకు మించి నింపినప్పుడు గాళ్ళు దగ్గరదగ్గరగా పట్టడానికి ధ్వనిని తగ్గించి చెక్కుతారు కాబట్టి, అటువంటి రికార్డుకు మీటను కాస్త పెంచాలి. ఫోనులో ధ్వనిని కొలిచే సాధనం ఉంటే దాన్ని ఒకే చోట పెట్టి చూసుకోవడం మంచిది.

రికార్డును శుభ్రం చేయకుండా మార్కు వేయడం దానికి అన్యాయం. పొడి దుమ్ముకు కార్బన్ ఫైబర్ కుంచె, జిడ్డుకు డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తటి గుడ్డ, తుడిచేటప్పుడు గాడి వెంటే గుండ్రంగా తుడవాలి తప్ప అడ్డంగా కాదు. లక్కతో చేసిన 78 చుట్ల రికార్డుల దగ్గరికి ఆల్కహాల్ ఉన్న ఏ ద్రావణాన్నీ రానివ్వకూడదు, లక్క దానిలో కరిగిపోతుంది.

ఒంటరిగా వినాలా, ఇంట్లో వాళ్ళతో కలిసి వినాలా అన్నది కూడా తేల్చుకోవలసినదే. కలిసి వింటే ఒకరి ముఖం చూసి మరొకరు మార్కు దిద్దుకుంటారు. మేము చేసినదేమిటంటే, వినడం కలిసి, రాయడం విడిగా, చీటీలు విప్పడం వైపు పూర్తయ్యాక. అభిప్రాయాలు బాగా దూరంగా ఉన్న ఆల్బమ్‌లే మళ్ళీ వినడానికి అన్నిటికన్నా ముందు అర్హమైనవని నా అనుభవం. అందరం ఏడు వేసిన రికార్డు గురించి మాట్లాడుకున్నది ఎప్పుడూ లేదు. ఒకరు మూడు, ఒకరు తొమ్మిది వేసిన రికార్డు మీద ఒక సాయంత్రమంతా గడిచిపోయింది.

ఎక్కువసార్లు ఎదురైనదే ఎక్కువ నచ్చుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జయోంక్ 1968లో ప్రయోగాలతో చూపించారు. పాత రికార్డుల విషయంలో ఈ పక్షపాతం చాలా బలమైనది. ఎప్పుడూ మోగుతూ వచ్చిన రికార్డుకు అనుకోకుండానే రెండు మార్కులు కలుస్తాయి, అట్ట కూడా విప్పనిదానికి అవి దక్కవు. అందుకే తెలియని ఆల్బమ్‌ను మొదటిసారి విని వేసిన మార్కును పెన్సిల్‌తో మాత్రమే రాయాలి, కనీసం ఇంకొకసారి విన్నాకే ఖాయం చేయాలి.

ఒకే ఆల్బమ్‌కు రెండు ప్రతులు ఉంటే

పాత ఇళ్ళలో ఇది మామూలే. ఒకటి మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని), ఒకటి స్టీరియో (కుడి ఎడమలకు వేర్వేరు ధ్వని) అయితే, ఆ రికార్డింగు ఏ కాలానిదో చూడాలి. స్టీరియో ఎల్పీలు 1958 నుంచి విరివిగా వచ్చాయి. ఆ తరువాత దాదాపు పదేళ్ళపాటు చాలా ఆల్బమ్‌లు రెండు రూపాల్లోనూ వెలువడ్డాయి. ఆ కాలపు పాటల ఆల్బమ్‌లలో మోనో రూపాన్నే శ్రద్ధగా కూర్చినవి చాలా ఉన్నాయి, కాబట్టి స్టీరియో అన్న మాటకే మార్కు వేయకుండా రెండూ వినాలి. పెద్ద వాద్యబృందాలకు మాత్రం నేను స్టీరియోనే ఎంచుకుంటాను. 1958కి ముందు మోనోలో చేసిన రికార్డింగునే తరువాత స్టీరియోగా మార్చామని అట్ట మీద ఉంటే దాన్ని వదిలేసి మోనో ప్రతినే ఉంచుకోవాలి. మంద్రాన్ని ఒక పక్కకూ, తారను మరో పక్కకూ నెట్టి, ప్రతిధ్వని కలిపిన ఆ మార్పు గొంతును రెండు ముక్కలు చేస్తుంది.

మోనో రికార్డు వినేటప్పుడు ఆంప్లిఫైయర్‌లో మోనో మీట ఉంటే దాన్ని నొక్కాలి. మోనో గాడిలో సంగీతం అంతా పక్కలకు ఊగే కదలికలోనే ఉంటుంది. పైకీ కిందికీ కదిలేది దుమ్ము, గీతల చప్పుడు మాత్రమే. రెండు చానళ్ళు కలిపినప్పుడు ఆ నిలువు చప్పుడు ఒకదానినొకటి రద్దుచేసుకుంటుంది. "కమ్మేసే చప్పుడు" అని రాసిన రెండు రికార్డులు ఈ ఒక్క మీటతో "ఓర్చుకోదగినది"గా మారాయి.

తొలి ముద్రణకూ, పునర్ముద్రణకూ మధ్య ఎంపిక కష్టమైనది. తొలి ముద్రణ అన్నంత మాత్రాన అది మెరుగైనది కాదు. అమెరికన్ జాజ్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959 నాటి ఆల్బమ్ "కైండ్ ఆఫ్ బ్లూ" దీనికి మంచి ఉదాహరణ. దాని మొదటి వైపు మూడు రచనలు రికార్డు చేసిన టేపు యంత్రం కొద్దిగా నెమ్మదిగా నడిచినందువల్ల, ఆ టేపు నుంచి చెక్కిన ప్రతులలో ఆ మూడూ అసలు శ్రుతి కన్నా కొంచెం పైన మోగుతాయి. ఈ లోపాన్ని 1992లో వెలువడిన ప్రతిలోనే సరిదిద్దారు. వాద్యం చేతబట్టి రికార్డుతోపాటు వాయించేవారికి సరిదిద్దిన ప్రతే కావాలి. ఊరికే వినేవారు రెండింటిలో నిశ్శబ్దంగా మోగేదాన్ని ఎంచుకోవచ్చు. మొదటి వైపుకు నేను వేసిన మార్కు రెండు ప్రతులకూ ఒకటే వచ్చింది. తేడా ప్లేటు గడిలోనే ఉంది.

ఏ ప్రతి ఏ ముద్రణదో తెలుసుకోవడానికి అట్టను నమ్మకూడదు. చివరి పాటకూ లేబుల్‌కూ మధ్య మిగిలిన నున్నటి భాగంలో గీకిన, లేదా అచ్చు గుద్దిన సంఖ్యలను వాలుగా పడే వెలుతురులో చదవాలి. ఇక 180 గ్రాముల బరువు అన్న ప్రకటనకు నేను మార్కు వేయను. మామూలు రికార్డు 120 నుంచి 140 గ్రాములు ఉంటుంది, బరువు పెరిగితే ప్లేటు బల్లపరుపుగా ఉండే అవకాశం కొంత పెరగవచ్చు గానీ గాడి లోతు మారదు. 45 చుట్ల వేగంతో రెండు ప్లేట్ల మీద చెక్కిన పునర్ముద్రణకు నిజమైన ప్రయోజనం ఉంది, గాడి వేగం 35 శాతం పెరగడం వల్ల లోపలి పాటలు తేటగా వస్తాయి. దానికి బదులుగా పది పన్నెండు నిమిషాలకొకసారి లేచి తిప్పవలసి వస్తుంది, ఒక వైపుగా కూర్చిన సంగీతం రెండుగా తెగిపోతుంది. సింఫనీకి, పెద్ద వాద్యబృందానికి ఈ తెగడాన్ని భరిస్తాను. పాటల ఆల్బమ్‌కు భరించను.

మార్కుల తరువాత

రెండు గడులూ పక్కపక్కన ఉన్నప్పుడు నిర్ణయం దాదాపు తనంతట తానే వస్తుంది. సంగీతం ఎక్కువ, ప్లేటు నిశ్శబ్దం అయితే అది చేతికి అందే అరలోకి వెళుతుంది. సంగీతం ఎక్కువ, ప్లేటు పాడు అయితే వెతకవలసిన వాటి జాబితాలోకి వెళుతుంది, మంచి ప్రతి దొరికేదాకా పాతదాన్ని ఇచ్చేయకూడదు. సంగీతం తక్కువ, ప్లేటు నిశ్శబ్దం అయితే ఇచ్చేయడానికి ఇదే మంచి సమయం, తీసుకున్నవారికి అది శుభ్రంగా మోగుతుంది. రెండూ తక్కువైన వాటి దగ్గర కూడా ఒక్కసారి ఆగి, రెండో వైపు విన్నామా లేదా అని పుస్తకంలో చూసుకోవాలి.

మా పుస్తకంలో ప్రతి రికార్డుకూ తేదీ, ముల్లు పేరు, దాని బరువు, రెండు వైపుల మార్కులు, చప్పుడు ఎక్కడుందో ఆ వివరం ఉంటాయి. అదే వివరాన్ని చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాసి బయటి అట్టలో ఉంచాను, లోపలి కవరులో ప్లేటుకు తగిలేలా మాత్రం ఉంచలేదు. వజ్రపు మొన మంచి స్థితిలో ఉండేది 500 నుంచి 1,000 గంటలు కాబట్టి, ముల్లు మార్చిన ప్రతిసారీ లోపలి పాటల దగ్గర తక్కువ మార్కులున్న వైపులను తీసి మళ్ళీ వింటాను. ఈసారి ఆ జాబితాలో తొమ్మిది ఉన్నాయి.